సున్నాను మింగిందెవరు?

పునాకై కాలేజీ ఆర్థిక సహాయ విభాగంలో గోడ గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. నోహెయా కపులే తన చేతిగడియారం చూసుకుంది. ఒకటీ ఇరవై ఆరు.

"మీ గడియారం ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది" అంది కిటికీ అవతల కూర్చున్న గుమాస్తాతో.

"ఈ ఆఫీసులో అన్నిటికంటే వేగంగా నడిచేది అదే ఆంటీ" అన్నాడు డెలానో టవారెస్.

నోహెయా నవ్వింది. హీలో పట్నం పోలీసు శాఖలో ఇరవై తొమ్మిదేళ్లు డిటెక్టివ్‌గా పనిచేసి రిటైరైన మనిషి ఆమె. ఆరు నెలలు తోటపని చేసింది. కాయలు రాలిపోతున్నాయని పక్కింటి పిల్లితో సహా అందరినీ అనుమానించడం మొదలుపెట్టాక, ఇది మన ఒంటికి పడదని తేల్చుకుని సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఈ కేసుకు ఆమె ఫీజు వారానికి ఒక చేప. అంతకు మించి ఇచ్చే స్థితిలో లేదు మకానా లొరెంజో.

మకానాకు పంతొమ్మిదేళ్లు. నర్సు చదువు రెండో ఏడు. అక్టోబరు మూడో వారంలో ఆమె తండ్రి, మనోలో అనే ఆయన, తన చేపల పడవ మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. తల్లి లేని ఇల్లు. కింద ఇద్దరు చిన్నపిల్లలు. ఈ సెమిస్టరు ఆపేసి జనవరిలో మళ్లీ చేరడం తప్ప మకానాకు దారి లేకపోయింది. అయితే ఆమె గుడ్డిగా ఆపేయలేదు. నిబంధనల పుస్తకం తెచ్చుకుని, క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కవేసింది. సెమిస్టరు నూట పది రోజులు. అందులో అరవై శాతం గడవకముందే చదువు మానేస్తే, చదవని రోజులకు వచ్చిన గ్రాంటు డబ్బు వెనక్కి పోతుంది. ఆ భారం విద్యార్థి నెత్తిన పడుతుంది. అరవై ఆరు రోజులు దాటాక మానేస్తే ఒక్క సెంటు కూడా తిరిగి ఇవ్వక్కర్లేదు. అందుకే పగలు తరగతిలో, రాత్రి ఆసుపత్రి కుర్చీలో తొమ్మిది రోజులు పళ్లబిగువున నెట్టుకొచ్చింది. అరవై ఏడో రోజున, అక్టోబరు ముప్పైన, విరమణ ఫారం ఇచ్చింది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. 'మీ ఫారం ప్రకారం మీరు అక్టోబరు మూడున, అనగా నలభయ్యో రోజున చదువు మానుకున్నారు. రెండు వేల రెండు వందల తొంభై ఒక్క డాలర్లు చెల్లించేవరకు జనవరిలో ప్రవేశం లేదు.' కింద వసూళ్ల అధికారి గిల్బర్ట్ ఏమ్స్ సంతకం.

ఆఖరి విచారణ ఇవాళే, నాలుగు గంటలకు. ఐదు గంటలకు మనోలో పడవ ఇంజను కొనడానికి ఎవరో వస్తున్నారు. ఇంజను పోతే పడవ లేదు. పడవ లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు.

"అక్టోబరు ముప్పై, గురువారం. సాయంత్రం నాలుగు కావడానికి పది నిమిషాలు. ఎక్కడున్నావు డెలానో?" అని అడిగింది నోహెయా.

"ఈ కుర్చీలోనే."

"మొన్న మధ్యాహ్నం ఏం తిన్నావు?"

డెలానో పైకప్పు వైపు చూశాడు. "గుర్తు లేదు."

"మొన్నటి తిండి గుర్తులేని వాడివి, మూడు వారాల కిందటి గురువారం ఎలా గుర్తుంది?"

"ఆ రోజు నేను ఆక్టోపస్‌ని ఆంటీ."

నోహెయా నోటుపుస్తకంలోంచి తలెత్తింది.

"మర్నాడు భూతాల వేషాల పండుగ కదా. ముందురోజే ఆఫీసులో పోటీ పెట్టారు. మా అమ్మాయి కుట్టిన ఎనిమిది చేతుల చొక్కా తొడుక్కొచ్చాను. మకానా ఫారం ఇస్తుంటే నా ఆరో చెయ్యి పోయి ఆమె సంచీకి చిక్కుకుంది. అప్పటిదాకా ఏడుపు మొహంతో నిలబడ్డ పిల్ల పకపకా నవ్వింది. ఇన్ని చేతులున్నాయి, ఒక్క ఫారం తీసుకోడానికి ఇంతసేపా అంది."

"తీసుకున్న రోజు స్టాంపు కొట్టలేదా?"

"స్టాంపు సెప్టెంబరులోనే విరిగిపోయింది. కొత్తది కావాలని రాస్తే, దరఖాస్తు నింపి పంపమన్నారు. ఆ దరఖాస్తు మీద స్టాంపు లేదని వెనక్కి పంపారు."

"కంప్యూటర్లో?"

"తేదీలు ఎక్కించేది వెర్నా గారొక్కరే. ఆమె వేలు పెడితేగాని ఆ పేజీ తెరుచుకోదు. రెండు రోజులుగా హోనలూలులో మీటింగు. విమానం రెండున్నరకు దిగుతుంది."

వెర్నా ఇషిమోటో ఆ విభాగానికి అధికారిణి. ఆమె ప్రయాణంలో ఉన్న రోజునే ఆఖరి విచారణ పెట్టుకోవడం నోహెయాకు నచ్చలేదు. మకానా అక్టోబరు ఇరవై తొమ్మిది దాకా తరగతిలో కూర్చుందని ఇద్దరు టీచర్లు రాసిచ్చారు. హాజరుపట్టీ లేని కాలేజీలో కాగితమే సాక్ష్యమంటూ ఏమ్స్ వాటిని పక్కన పడేశాడు.

"అయితే ఆ కాగితాన్నే చూద్దాం" అంటూ మకానా సంతకం చేసిన అనుమతి పత్రాన్ని కిటికీలోంచి లోపలికి తోసింది నోహెయా.

ఫైళ్ల గది కిటికీలు లేని చిన్న గది. ఇనుప బీరువాలు మూడు, బల్ల ఒకటి. డెలానో ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నోహెయా కళ్లజోడు మార్చుకుంది.

ఫైల్లో పద్నాలుగు కాగితాలు. ప్రతిదానికీ పైఅంచున రెండు చిల్లులు, వాటిలోంచి దూరిన ఇనుప క్లిప్పు. విరమణ ఫారం అన్నిటికంటే పైన ఉంది. తేదీ గడిలో మకానా ఆకుపచ్చ ఇంకుతో రాసిన అంకెలు: 10/3. నెల ముందు, తేదీ తర్వాత. మూడు పక్కనే గుండ్రటి చిల్లు.

నోహెయా చదవడం ఆపి, ఫైలు మూసి, అంచును వేలితో నిమిరింది. పద్నాలుగు కాగితాల్లో పదమూడు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం పక్కకు జరిగి, ఫైలులోంచి వేలెడు బయటికి నాలుక చాపినట్టు ఉంది.

"ఈ ఫారానికి చిల్లులు కొట్టిందెవరు?"

డెలానో వంగి చూశాడు. "నేను మాత్రం కాదు. మా పంచింగ్ మిషన్‌కి కాగితం ఆన్చే అడ్డుపట్టీ ఉంది. కళ్లు మూసుకుని కొట్టినా నడిమధ్యలోనే పడతాయి. ఇంత వంకరగా కొట్టాలంటే పనిగట్టుకుని జరపాలి."

"మీ మిషన్ కింద పడే ముక్కలు?"

"శుక్రవారం శుక్రవారం మా అమ్మాయి పట్టుకుపోతుంది. బడిలో బొమ్మలకు అతికిస్తారు. ఇవాళ్టివి కూడా పొద్దున్నే పోయాయి."

"ఈ ఆఫీసులో ఇంకో మిషన్ లేదా?"

డెలానో జవాబిచ్చేలోపు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

"కపులే గారూ, ఇది కాలేజీ ఫైళ్ల గది. పడవల దొంగల్ని పట్టుకునే చోటు కాదు."

గిల్బర్ట్ ఏమ్స్ పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాలేజీ ముద్ర ఉన్న కాఫీ కప్పు. ఈ కేసు మొదలైనప్పటి నుంచి నోహెయా ఫోన్లకు అతను మూడుసార్లు ఒకే జవాబిచ్చాడు: అమ్మాయి తప్పు రాసుకుంది, డబ్బు కట్టమనండి.

"పడవల దొంగలు నయం సార్. వాళ్లు పడవ మొత్తం ఎత్తుకుపోతారు. ఇక్కడ ఒక్క సున్నా ఎత్తుకుపోయారు" అంది నోహెయా.

"సున్నా ఏమిటి?"

"మూడు పక్కన ఉండాల్సింది. చిల్లులో పోయింది."

ఏమ్స్ జాలిగా నవ్వాడు. "చిల్లులో ఏముండేదో ఎవరికి తెలుసు? ఏమీ లేదని నేనంటాను. సున్నా ఉందని మీరంటారు. కాగితం మీద ఉన్నది మూడు. నేను కాగితాన్ని నమ్ముతాను."

"డెలానో స్వయంగా తీసుకున్నాడు. ముప్పయ్యో తారీఖున."

"డెలానో ఆ అమ్మాయికి చుట్టం."

"ఈ ఊళ్లో ఎవరికి ఎవరు చుట్టం కాదు? మా ఆయన తరఫున చూస్తే మీ ఇంటి యజమాని నాకు మరిది."

"అందుకే బయటి మనిషిని పెట్టుకున్నారు ఈ పనికి" అన్నాడు ఏమ్స్. "భావోద్వేగాలు లేని మనిషిని. నాలుగింటికి విచారణ. ఐదు నిమిషాల్లో ముగించేస్తాను. మీరు ఈలోగా ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. ఈ వయసులో దుమ్ము గదులు మంచివి కావు."

వయసు మాట వినగానే డెలానో ఒక అడుగు వెనక్కి వేశాడు. నోహెయా మాత్రం మరింత తీయగా నవ్వింది.

"నిజమే సార్. వెళ్లేముందు చిన్న సాయం. టీచర్ల ఉత్తరాలు రెండూ ఫైలులో పెట్టి వెళ్తాను. మీ పంచింగ్ మిషన్ ఒకసారి ఇస్తారా? డెలానోది పిల్లల బొమ్మలకే సరిపోతోంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమ్స్ చూపు గుమ్మం అవతల ఉన్న తన బల్ల వైపు పోయింది. అక్కడ ఎర్రటి పంచింగ్ మిషన్ ఉంది. అడ్డుపట్టీ లేని పాతకాలపుది.

"అది సరిగా పనిచేయదు" అన్నాడు.

"వంకరగా కొడుతుందా?"

ఏమ్స్ అడ్డుపడేలోపు డెలానో వెళ్లి దాన్ని తెచ్చేశాడు. నోహెయా అడుగున ఉన్న మూత లాగి, లోపలి ముక్కలన్నీ బల్ల మీద తెల్ల కాగితం మీదకు దులిపింది. పిడికెడు గుండ్రటి కాగితపు ముక్కలు.

"కొండను తవ్వి ఎలుకను పడతారా?" అన్నాడు ఏమ్స్. గొంతులో నవ్వు తెచ్చుకున్నాడు గాని, కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"ఎలుక చిన్నదే సార్. కాని రెండు వేల మూడు వందల డాలర్లు తింటోంది."

జుట్టులోంచి పిన్ను తీసి, ముక్కల్ని ఒక్కొక్కటిగా తిరగేయడం మొదలుపెట్టింది. డెలానో అవతలి వైపు నుంచి పెన్సిలు మొనతో సాయం పట్టాడు. ఏమ్స్ ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి గుమ్మం చూశాడు.

"ఆంటీ" అన్నాడు డెలానో మెల్లగా.

పెన్సిలు మొన పక్కన ఆకుపచ్చ సున్నా.

నోహెయా దాన్ని పిన్నుతో లేపి, ఫారం మీది చిల్లులో అమర్చింది. తేదీ గడికి అచ్చువేసిన నల్లగీత కాగితం మీద ఆగి, ముక్క మీద సాగి, అవతలి వైపు మళ్లీ కాగితం మీద కలిసింది. 10/30.

"ఆకుపచ్చ సున్నా ఎవరైనా గీయొచ్చు. నల్లగీత ఎవరు కలుపుతారు?" అంది.

"ఆ మిషన్ నా బల్ల మీద ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు" అన్నాడు ఏమ్స్. "కాఫీ కోసం రోజుకు పదిమంది నా బల్ల దాటి వెళ్తారు. ఇది సాక్ష్యం కాదు. నేను మా లాయరుతో మాట్లాడి వస్తాను. నాలుగింటికి కలుద్దాం."

రెండూ పదిహేనుకు అతను వెళ్లిపోయాడు. అడుగుల చప్పుడులో తొందర లేదు. అతని సంగతి నోహెయాకు అప్పటికి అర్థమైంది అంతే: వసూళ్లలో వాటా దొరికే ఉద్యోగి, వాటా పెంచుకోవడానికి ఒక అంకె మింగాడు. అలాంటివాడు ఎక్కడికీ పారిపోడు, లాయరును వెంటబెట్టుకుని వస్తాడు. ఆమె లెక్క అదీ. ఆ లెక్క తప్పింది.

"ఆంటీ, ఇంకా ఉన్నాయి" అన్నాడు డెలానో.

ఒక ముక్క మీద నీలం ఇంకు నాలుగు. ఇంకోదాని మీద నల్ల ఇంకు తొమ్మిది. ఊదారంగులో సగం తెగిన ఎనిమిది. మరో మూడు ముక్కల మీదా అంకెలే. అన్నీ చేత్తో రాసినవే. మకానా సున్నాతో కలిపి ఏడు. ఏడుగురు పిల్లలు. నోహెయా వాటిని ఒక కవరులో వేసి, అతికించి, తేదీ, సమయం రాసి, డెలానో చేత సంతకం పెట్టించింది.

మూడింటికి ఐదు నిమిషాల ముందు వెర్నా ఇషిమోటో దిగింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో ఆఫీసు వాళ్లందరికీ హోనలూలు నుంచి తెచ్చిన మోచీ అనే బియ్యప్పిండి మిఠాయి డబ్బా. పొట్టిగా, గుండ్రంగా ఉండే ఆ మనిషి, విషయం వింటూనే మోచీ ఒకటి నోహెయా చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుని వేలు ఆనించింది. తెర వెలిగింది.

"మకానా లొరెంజో. విరమణ తేదీ అక్టోబరు ముప్పై. నేనే ఎక్కించాను, ముప్పై ఒకటిన పొద్దున. గ్రాంటు మొత్తం ఆమెదే. బాకీ..." వెర్నా ఆగింది. "బాకీ ఏమీ లేదు. జనవరి ప్రవేశానికి అడ్డేమీ లేదు. ఈ పిల్ల మాకు ఒక్క సెంటు కూడా ఇవ్వక్కర్లేదు నోహెయా."

డెలానో ఊపిరి వదిలాడు. నోహెయా వెంటనే మనోలోకు ఫోన్ కొట్టి, ఇంజను అమ్మొద్దని రెండు ముక్కల్లో చెప్పింది. అవతల ఆ పెద్దమనిషి పడవ ఇంకా మనదేనని పిల్లలకు వినబడేలా అరిచాడు. మకానాను పిలవమంటే ఇంట్లో లేదన్నాడు. నోహెయా ఫోను పెట్టేసి, ఉత్తరాన్ని వెర్నా ముందుకు తోసింది.

"మరి ఇదేమిటి?"

వెర్నా చదివింది. మళ్లీ చదివింది. "ఈ ఫోను నంబరు మాది కాదు. సంతకం కింద వసూళ్ల విభాగం అని ఉంది. మాకు అలాంటి విభాగమే లేదు."

"గిల్బర్ట్ ఏమ్స్?"

"లైబ్రరీ జరిమానాలు రాబట్టడానికి ఆర్నెల్లకు తీసుకున్నాం. సెప్టెంబరు ముప్పైతో అయిపోయింది. ఆ తర్వాత కూడా కనిపిస్తుంటే, ప్రెసిడెంటు గారు పొడిగించి ఉంటారనుకున్నాను. నిన్న మీటింగులో ఆయన్నే అడిగాను. మీరు పొడిగించారనుకున్నానే అన్నారు."



"అంటే, ఏడు వారాలుగా ఆయన మన ఉద్యోగి కాదా?" అన్నాడు డెలానో. "తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి మన కాఫీ తాగుతున్నాడు. పోయిన వారం ఆయన పుట్టినరోజుకు కేకు కోశాం. నేను నాలుగు డాలర్లు వేసుకున్నాను."

నోహెయా అప్పటికే లేచింది. అంటే ఇది వాటా కోసం మింగిన అంకె కాదు. కాలేజీ పద్దుల్లో లేని బాకీ, కాలేజీ పేరుతో, కాలేజీ కుర్చీలో కూర్చుని వసూలు చేస్తున్నాడు. ఎదురు తిరిగి ఫారం చూపించమన్న వాళ్లకోసమే ఆ చిల్లులు. మిగతావాళ్లు భయపడి కట్టేసి ఉంటారు. అలాంటివాడు లాయరు దగ్గరికి పోడు.

ఏమ్స్ బల్ల దగ్గరికి నడిచింది. సొరుగులు ఖాళీ. కోటు లేదు.

చేతిలో ఫోను మోగింది. మకానా.

"ఆంటీ, నాన్న చెక్కుబుక్కు మీ ఇంట్లో గాని మర్చిపోయానా?" గొంతు హుషారుగా, కాస్త ఎక్కువ హుషారుగా ఉంది. వెనక కారు చప్పుడు.

మకానా నోహెయా ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. ఈ పిల్ల ఏదో దాచి చెబుతోందని నోహెయాకు అర్థమైంది. "చెప్పు తల్లీ, వింటున్నాను."

"ఏమ్స్ గారి కార్లో ఉన్నాను. మీరే పంపారని చెబితే ఎక్కాను. ఇవాళే కడితే సగం తీసేస్తారట. చెక్కు మాత్రం ఆయన సొంత పేరు మీదే రాయాలట. తీరా చూస్తే చెక్కుబుక్కు ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు. రోసాలియా ఆంటీ ఇంట్లో చూశాం, లేదు. కేకో ఆంటీ ఇంట్లోనూ లేదు. నాపువా పెద్దమ్మ ఆయనకు టీ ఇచ్చి, తన మోకాలి ఆపరేషన్ గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. అక్కడా లేదు."

"ఇంకెన్ని ఇళ్లు?" అన్న మగగొంతు దూరంగా వినిపించింది. ఇందాకటి మర్యాద అందులో లేదు. "నా విమానం నాలుగున్నరకు. ఇదే ఆఖరి ఇల్లు. ఆ ఫోను ఇటివ్వు."

"ఇస్తున్నా సార్, ఒక్క నిమిషం. ఆంటీ, ఇదే ఆఖరి ఇల్లట. ఎవరింటికి రమ్మంటారు?"

చేతిగడియారంలో మూడూ పద్దెనిమిది. విమానాశ్రయానికి పోయే దారిలో ఏముందో నోహెయా ఒక్క క్షణం ఆలోచించింది.

"చేపల రేవుకు తీసుకురా తల్లీ. వేలంపాట షెడ్డులో పెట్టావు. మీ ఆంటీలందరూ అక్కడే ఉన్నారు, అడుగు. తొందర లేదని చెప్పు ఆయనకి."

ఫోను ఆగిపోయింది. మకానా ఆపిందో, ఏమ్స్ లాక్కున్నాడో తెలియలేదు.

నోహెయా కారు తాళాలు తీసింది. రేవులో శుక్రవారం వేలం మధ్యాహ్నానికే ముగిసిపోతుంది. ఈ వేళకు ఆ షెడ్డులో కొంగలు తప్ప ఎవరూ ఉండరు. పోలీసు స్టేషన్ నుంచి జీపు రావడానికి పదిహేను నిమిషాలు, తన కారు చేరడానికి పది.

"వెర్నా, స్టేషన్‌కి ఫోన్ చేస్తూ నడు. ఆ ఐదు నిమిషాలు ఆంటీలం మనమే" అంది. మోచీ డబ్బా పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డ గుమాస్తా వైపు తిరిగింది. "డెలానో, నువ్వు కూడా."